నోటిగుడ్డ వెనక పాట

రూతమ్మ పిన్ని జ్ఞాపకార్థ కూటం అయిపోయింది. పాస్టరుగారు ఆఖరి ప్రార్థన చేసి కారెక్కారు. షామియానా కింద భోజనాల బల్లలు మడతపెడుతుంటే పిన్ని మనవరాలు ప్రిసిల్లా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. చెన్నైలో పాశ్చాత్య సంగీతం చదివి, జర్మనీలో రెండేళ్ళుండి వచ్చిన పిల్ల. వరస ఏదైనా వయసు చూసి నన్ను అమ్మమ్మా అనే పిలుస్తుంది. ఏం చదివావే అంటే పాటలు కట్టడం అంటుంది. పాటలు కట్టడానికి జర్మనీ దాకా ఎందుకే, కలుపు తీసే ప్రతి ఆడదీ కట్టేదిగా అని నేనెప్పుడూ దెప్పుతుంటాను. ఆ రోజు దెప్పే అవకాశం ఇవ్వలేదు. "అమ్మమ్మా, మీతో పనిబడింది. ఐదు పాటలు కట్టాను. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా పాడేవి. ఒకటే ఆడగొంతు, పన్నెండు వాయిద్యాలు. వచ్చే నెల గుంటూరులో వేస్తున్నాం. దానికి 'నోటిగుడ్డ' అని పేరు పెట్టాను" అంది. నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాను.

ఫోన్లో రిహార్సల్ వినిపించింది. చెవిలో పెట్టుకునే పుల్లలు నాకు పడవు, అందుకని అలాగే బయటికి పెట్టించుకున్నాను. అంట్లు తోముతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. నా చిన్నప్పుడు గుళ్ళో నేను కూడా పై గొంతు పాడినదాన్నే, స్వరమంటే తెలియనిదాన్ని కాదు. కానీ ఇదేం పాటో నాకు అంతు పట్టలేదు. తాళం లేదు. పల్లవి లేదు. వయొలిన్లు ఒక్కటే తీగ మీద గీసిందే గీస్తున్నాయి, వాటి వెనకాల ఏదో గలగలమంటోంది. పాడే అమ్మాయి గొంతు ఉన్నట్టుండి పైకి లేచి, అక్కడి నుంచి దబ్బున కిందికి దిగి, మళ్ళీ ఎక్కడో తేలుతుంది. "చెవికి ఇంపుగా ఉండొద్దుటే? బావిలోకి బొక్కెన జారిపోయినట్టుంది" అన్నాను. ప్రిసిల్లా నొచ్చుకోలేదు. "ఇంపుగా ఉండకూడదనే కట్టాను అమ్మమ్మా. ఆ గలగల ఏంటో గుర్తుపట్టారా? ఎండు మిరపకాయలు చేటలో పోసి ఊపించాను" అంది. అప్పుడు మళ్ళీ విన్నాను. అవును, గింజలు కదిలే చప్పుడే. మాటలు మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు. దేవుడికి స్తోత్రం అనుకున్నాను లోపల.

"మాటలు అర్థం కావట్లేదు కదూ? నా బాధా అదే. పాడేది షిల్లాంగ్ అమ్మాయి, పేరు ఇబా. గొంతు బంగారం, కానీ తెలుగు రాదు. మీరు ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పారు, పలుకు నేర్పాలి" అని ఒక మడత కాయితం నా ఒళ్ళో పెట్టింది. "నాలుగు పాటలకి ఇబ్బంది లేదు. ఐదోదే. అది మీ అమ్మగారి శోకం. మా జేజి, మీ రూతమ్మ పిన్ని, చివరి రోజుల్లో చెప్తే రాసుకున్నాను. దీనమ్మకి చూపించి, ఆమె సరేనంటేనే వెయ్యి, వద్దంటే చించెయ్యి అని నా చేత ఒట్టేయించుకుంది." ఆ దీనమ్మని నేనే. పల్లె మొత్తానికి టీచరమ్మని, మా అమ్మకీ రూతమ్మ పిన్నికీ మాత్రమే దీనమ్మని. వాళ్ళిద్దరూ పోయారు కాబట్టి ఆ పేరు ఇక బ్యాంకు పుస్తకంలోనే ఉందనుకున్నాను.

కాయితం విప్పలేదు. ఇంటికొచ్చి కాయితాన్నీ కళ్ళజోడునీ పెట్టెలో పెట్టి మూశాను. మూడు రోజులు కళ్ళజోడు లేకుండానే తిరిగాను, గుమ్మానికి మోకాలు కూడా కొట్టుకున్నాను. నవ్వొస్తే నవ్వండి. మా అమ్మ ఎస్తేరమ్మ ఆ పాటని ఇరవై ఏళ్ళు నా ఎదురుగా కూర్చుని, మూసిన నోటితో, మాట బయటపడకుండా పాడింది. అందులో మాటలేంటో నాకు తెలియదు. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే ఒకటి, పదేళ్ళప్పటి నుంచీ. అందులో నా పేరుందా?

మా ఇల్లు పర్చూరుకి నాలుగు మైళ్ళలో, పల్లెకి పడమటి కొసన. తాటాకు కప్పు, మట్టి గోడ. ఇంట్లో సామానంటే ముప్పాతిక భాగం మందు డబ్బాలే. పత్తికి పురుగు మందు కొట్టించిన ఆసామి, పని చక్కగా చేశారని మెచ్చి ఇచ్చేది ఖాళీ డబ్బా. తెల్లగా మెరిసే అల్యూమినియం డబ్బా, మర మూత. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఇత్తడి బిందెలుంటే మా ఇళ్ళల్లో ఇవి. ఉప్పు ఒకదాంట్లో, నూకలొకదాంట్లో, కిరసనాయిలు ఒకదాంట్లో. మా నాయనమ్మ ఆ డబ్బాల మీద పెద్ద పెత్తనం చేసేది. కొత్త డబ్బా వస్తే ఇంట్లో ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. ముందు బూడిదతో, తర్వాత చింతపండుతో తోమేది. వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసి మూడు పూటలు నాననిచ్చేది. ఆ తర్వాత కప్పు మీద బోర్లించి మూడు ఎండలు కాయనిచ్చేది. "మూడు ఎండలు చూడందే అది డబ్బా కాదే, పాము" అనేది. ఈ మాట ఆమెకెవరు చెప్పారో, ఏ పుస్తకంలో ఉందో తెలియదు. పల్లె అంతా ఇదే పద్ధతి. అందరం అలాగే తాగాం, అలాగే బతికాం. నాయనమ్మకి కళ్ళు మసకేశాక ఎండలు లెక్కపెట్టే పని నాకొచ్చింది. నేను బళ్ళో లెక్కల్లో ఫస్టు, అందుకని నాకే ఇచ్చింది. నేను గర్వపడ్డాను కూడా.

మా నాన్న యాకోబు మిషను వీపున తగిలించుకుని మందు కొట్టేవాడు. సాయంత్రం ఆయన వస్తుంటే మనిషి కంటే ముందు వాసనొచ్చేది. కిరసనాయిలూ వెల్లుల్లీ కలిసి కుళ్ళినట్టుండే వాసన. సబ్బేసి రెండుసార్లు రుద్దుకున్నా గోళ్ళ సందున ఉండిపోయేది. ఆయన కలిపిన ముద్ద తినలేక నేను మొహం తిప్పుకుంటే, "మహారాణిగారికి నా చెయ్యి వాసనంట" అని నవ్వి, ఆ ముద్ద తమ్ముడికి పెట్టేవాడు. మా తమ్ముడు సామేలు ఏది పెట్టినా తినేవాడు. నాలుగేళ్ళవాడు, మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక ఆగలేదు. ఎవరు కనపడినా "నీ పేరేంటి, మీ కోడి పేరేంటి" అని అడిగేవాడు.

అమ్మ గొంతు గురించి చెప్పాలి. ఆదివారం గుళ్ళో ఆడవాళ్ళ వరసలో చివర నిలబడేది, నల్లగా, పొట్టిగా, నెత్తిన కొంగు కప్పుకుని. అమ్మ చిన్నప్పుడు మిషను దొరసానమ్మగారు ఆవిడ గొంతు విని పై గొంతు నేర్పిందట. అందరూ ఒక వరసలో పాడుతుంటే అమ్మ దాని మీదుగా వేరే దారిన వెళ్ళి, చివర్లో వచ్చి కలిసేది. దానికి నోరు బాగా తెరవాలి. అంత నోరు తెరిచి పాడే ఆడదాన్ని నేను మళ్ళీ చూడలేదు. అమ్మకి ఇంకో విద్య కూడా ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా శోకం తీయడానికి అమ్మనే పిలిచేవాళ్ళు. పోయినవాళ్ళు ఎలా పుట్టారో, ఏం తిన్నారో, ఎవరు చూశారో, ఎవరు చూడలేదో అన్నీ రాగం తీసి చెప్పేది. అక్కడ దాపరికం ఉండకూడదు. చావు దగ్గర అబద్ధమాడితే పోయినోడికి దారి దొరకదని నాయనమ్మ అనేది. కొత్త పాస్టరుగారొచ్చి, ఇది అన్యుల ఆచారం, పునరుత్థానం ఉందని నమ్మేవాళ్ళు శోకాలు పెట్టకూడదని గుళ్ళో అందరి చేతా మాట తీసుకున్నారు. అమ్మ కూడా చెయ్యెత్తింది.

ఇక ఆ రోజు. పత్తి తీతలు జోరుగా ఉన్నాయి. అమ్మా నాన్నా మంచు విడవకముందే చేలోకి వెళ్ళిపోయారు. నేను లేచేసరికి ఇంట్లో నాయనమ్మా, తమ్ముడూ. నా పని వాణ్ణి తీసుకుని, మంచినీళ్ళు పట్టుకుని చేలోకి వెళ్ళడం. రోజూ తీసుకెళ్ళే కూజా ముందురోజే పగిలింది. కప్పు మీద కొత్త డబ్బా ఉంది. మొదటి రోజు ఎండ బాగా కాచింది. రెండో రోజూ కాచింది. మూడో రోజు పొద్దుటి నుంచీ మబ్బు, సాయంత్రం నాలుగు చినుకులు కూడా. మబ్బు పట్టినా పగలు పగలే కదా అని నేను దాన్ని కూడా ఎండ కిందే లెక్కేశాను. డబ్బా దించి, బావి నీళ్ళతో తొలిచి, నింపుకుని బయల్దేరాను. చేలో అమ్మ ఎక్కడో అవతలి గట్టు దగ్గరుంది, ఒడి నిండా పత్తితో, చీమంత కనపడుతోంది. తమ్ముడు నడిచొచ్చాడేమో, నీళ్ళు నీళ్ళు అని నస పెట్టాడు. మూతలో పోసిచ్చాను. ఒక గుక్క తాగి, "చేదు అక్కా" అన్నాడు. "వేపాకు చేదు, ఏం కాదు, తాగు" అన్నాను. తాగాడు. నా మాట వాడెప్పుడూ కాదనలేదు.

నేను తాగబోయేలోపే వాడు కూలబడ్డాడు. నోటి వెంట నురగ. నా అరుపుకి నాన్న మొక్కలు తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వాణ్ణి భుజాన వేసుకుని బస్సు రోడ్డుకేసి పరిగెత్తాడు, వెనక అమ్మ, అమ్మ వెనక నేను. బస్సు వచ్చేదాకా కూడా ఆగలేదు వాడు. నాన్న రోడ్డు పక్కన కూర్చుండిపోయి, వాడి కాళ్ళు పైకి లాగి చొక్కాలో దాచుకున్నాడు, చలేస్తుందన్నట్టు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక నాయనమ్మ తడుముకుంటూ వచ్చి వాడి పక్కన కూర్చుంది.  తర్వాత నా చెయ్యి పట్టుకుని, మెల్లగా, "ఎన్ని ఎండలే?" అంది. "మూడు" అన్నాను. నాయనమ్మ చెయ్యి వదిలేసింది. ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ నాన్న వాంతులని చెప్పాడు. మర్నాడు నాయనమ్మ ఇంట్లో డబ్బాలన్నీ వాకిట్లో వేసి రోకలితో చితక్కొట్టింది. ఎందుకే అని ఎవరూ అడగలేదు.

సమాధుల దొడ్లో పాస్టరుగారు కీర్తన ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. పై గొంతు రాలేదు. అమ్మ నోరు గట్టిగా మూసుకుని నిలబడింది. శోకం పెట్టనని మాటిచ్చింది, పెట్టలేదు. కీర్తన పాడమని ఎవరూ బలవంతం చేయలేకపోయారు. ఆ తర్వాత అమ్మ గుడికి వచ్చేది, నిలబడేది, కూర్చునేది, నోరు మాత్రం తెరవలేదు. ఆ జాగాలో నన్ను నిలబెట్టారు. పదో తరగతి దాకా ఆ పై గొంతు నేనే పాడాను. నన్ను మెచ్చుకున్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది.

ఆ యేడు మిరపకాయలొచ్చాయి. కల్లాల్లో రాశులు పోసి, తాలుకాయలు వేరు చేసి, తొడిమలు తీసే పని ఆడవాళ్ళది. అక్కడ నోరు తెరిచి ఎవరూ పాడలేరు. తెరిస్తే ఘాటు గొంతులో పడి ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకని ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకునేవాళ్ళు. గుడ్డ కట్టుకుంటే మాత్రం పాటాగుతుందా? మూసిన నోటితోనే ఎవరో ఒకరు ఎత్తుకునేవాళ్ళు. రాగాన్ని బట్టి అది ఏ పాటో అందరికీ తెలిసిపోయేది, మాటలు ఎవరికి వాళ్ళు లోపల అనుకునేవాళ్ళు. పచ్చి బూతు పాటలు కూడా మేస్త్రి ముందే దర్జాగా సాగిపోయేవి, అతనికి ఉత్త మూలుగే వినపడేది. తమ్ముడు పోయిన మూడో నెలలో, ఒక మధ్యాహ్నం, ఎర్రటి రాశికి అవతల కూర్చున్న అమ్మ గుడ్డ వెనక నుంచి ఒక రాగం ఎత్తింది. అది ఎవరికీ తెలిసిన పాట కాదు. ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. శోకం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పాస్టరుగారికి ఇచ్చిన మాట తప్పిందని ఎవరూ అనలేరు, నోరు తెరవలేదుగా. పక్కన కూర్చున్న రూతమ్మ పిన్ని మర్నాటి నుంచి అమ్మతో గొంతు కలిపింది. అంటే పిన్నికి మాటలు తెలిసుండాలి. మాట తెలియకుండా ఎక్కడ ఊపిరి తీయాలో తెలియదు కదా.

ఏటా మిరప కాలమంతా అదే పాట. అందులో ఒకచోట రాగం మెట్టు మెట్టుగా ఎక్కి, ఆగి, దానికంటే పైకి ఇంకో మెట్టు ఎక్కేది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి అమ్మ కళ్ళు పైకెత్తి నన్ను చూసేది. గుడ్డ పైన కళ్ళు రెండే కనపడేవి, ఘాటుకి ఎర్రబడి, నీళ్ళు కారుతూ. అక్కడే నా పేరుందని నాకు అనిపించేది. నా చేతిలో కాయ విరిగిపోయేది, వేళ్ళు భగ్గుమనేవి. ఒకసారి కాలవ దగ్గర పిన్నిని అడిగాను, "పిన్నీ, అమ్మ పాటలో మాటలేంటి?" అని. "మాటలేం లేవే పిచ్చిదానా, ఘాటుకి మూలుగుతాం" అంది. అమ్మని అడిగే ధైర్యం నాకెన్నడూ రాలేదు. అమ్మ కూడా నన్ను ఏమీ అనలేదు, తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే చేసేది. పొద్దున లేచి, "దీనా, మంచినీళ్ళియ్యవే" అనేది. పక్కనే కుండ ఉన్నా తను ముంచుకునేది కాదు. నేనిచ్చేదాకా ఎండిన నోటితో కూర్చునేది. నేను టీచర్నయ్యాక నాతో పర్చూరు వచ్చి, చివరి దాకా నా దగ్గరే ఉంది. చనిపోయే రోజు కూడా నా చేతి నీళ్ళే రెండు చెంచాలు. అది శిక్ష అనుకున్నాను నేను. నలభై ఏళ్ళు రోజూ పొద్దున్నే ఆ శిక్ష అనుభవించాను. బళ్ళో కుండ నీళ్ళు ముందు నేను తాగి, కాసేపు చూసి, ఆ తర్వాతే పిల్లల్ని తాగనిచ్చేదాన్ని. మా టీచరమ్మకి దప్పికెక్కువ అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు.

నాలుగో రోజు ప్రిసిల్లా ఇబాని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల బొమ్మలా ఉంది, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. కింద చాప మీద కూర్చుని, "నమస్కారం అమ్మమ్మా" అని నేర్చుకొచ్చిన ముక్క అప్పజెప్పింది. ఇక తప్పలేదు. కళ్ళజోడు తీశాను, కాయితం విప్పాను. ఏదైనా సరే పాఠంలాగే చదివెయ్యాలని గట్టిగా, పంక్తి పంక్తి విడగొట్టి మొదలుపెట్టాను.

నాలుగేళ్ళ నా అయ్యా, నడిచి చేలోకొచ్చావు
పగిలిన పత్తి ఏరకముందే పండుకున్నావు
రెండు ఎండలు కాచినాయి, మూడో ఎండ మబ్బు మింగింది
నీళ్ళడిగిన నోరు నీది, నీళ్ళిచ్చింది దీనమ్మ
డబ్బా తెమ్మన్న నోరు నాది
నా నోటికి గుడ్డ కట్టండమ్మా

మూడో పంక్తి రెండోసారి చదివాను. అమ్మకి తెలుసు. మూడో ఎండ కాయలేదని ఆమెకి మొదటి నుంచీ తెలుసు. నాలుగో పంక్తి చదివాను. ఇబా నా నోటికేసి చూస్తూ, "నీలిచ్చింది దీనమ్మ" అంది. "నీలు కాదమ్మా, నీళ్ళు. నాలిక మడిచి పైకి కొట్టాలి" అని చేసి చూపించాను. మళ్ళీ అంది. మళ్ళీ దిద్దాను. షిల్లాంగ్ నుంచి వచ్చిన పిల్ల నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని, నీళ్ళిచ్చింది దీనమ్మ, నీళ్ళిచ్చింది దీనమ్మ అని ఓ ఇరవైసార్లు అని ఉంటుంది. చివరికి చక్కగా పలికింది. "శభాష్" అన్నాను. ముప్పయ్యేళ్ళ అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ఐదో పంక్తి దగ్గర ఆగిపోయాను. డబ్బా తెమ్మన్న నోరు నాది. అమ్మ తెమ్మనలేదు. నేను లేచేసరికి అమ్మ చేలో ఉంది. ముందురోజు సాయంత్రం అని ఉంటుందా? కూజా పగిలినప్పుడు, దానికేముంది, డబ్బా తీసుకురా అందా? యాభై ఏళ్ళు దాటిన ఆ సాయంత్రంలోకి వెళ్ళి మూలమూలనా వెతికాను. ఆ సాయంత్రం కూజా పెంకులు ఏరుకుంటూ అమ్మ అన్నది ఒకటే, "చెయ్యి తెగలేదు కదా" అని. అంతే. నాన్న ఊళ్ళోవాళ్ళకి చెప్పిన వాంతుల మాట అటుంచితే, మా ఇంట్లో చావు దగ్గర అబద్ధమాడింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అమ్మ కూడా ఆడింది. కొడుక్కి దారి దొరకదని తెలిసి కూడా, ఏటా, మిరప కాలమంతా, నా కళ్ళల్లోకి చూస్తూ ఆడింది. ఆ చూపుకి నేను ఇంకేదో అర్థం చెప్పుకున్నాను. పొద్దున్నే నా చేతి నీళ్ళకి కూడా. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పాపం ఇబా హడలిపోయి, తన పలుకు బాలేదనుకుని, సారీ అమ్మమ్మా అంటూ నా కాళ్ళు పట్టుకుంది.

ప్రిసిల్లాకి మొత్తం చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. ఆ పిల్ల కాయితం తన వైపు తిప్పుకుని, "మీ పేరు తీసేస్తాను అమ్మమ్మా. పాటకి పేరు అవసరం లేదు" అంది.

"పేరు ఉండనీ. ఆ తర్వాతి రెండు పంక్తులూ తీసెయ్యి."

"అవి తీస్తే ఎలా? పాట మొత్తం దానిమీదే నిలబడింది. ఇబా అన్నిటికంటే పైకి వెళ్ళేది ఆ మాట మీదే. అయినా మీ అమ్మగారు పాడిన మాటని తీసే హక్కు మనకుందా?"

నాకు కోపమొచ్చింది. ఆ పిల్ల అడిగింది న్యాయమే, అందుకే వచ్చింది. "రాగం తియ్యమన్నానా? మా అమ్మ ఎలా పాడిందో అలాగే పాడించమంటున్నాను. నోరు మూసుకుని. ఆ రెండు పంక్తులూ గుడ్డ వెనకే ఉండనీ. నీళ్ళిచ్చింది దీనమ్మ అన్నది మాత్రం నోరు తెరిచి, హాల్లో చివరి కుర్చీ దాకా వినపడేలా పాడమను. నాది నాకియ్యండే. ఆవిడ మోసింది చాలు."

అంత పైన నోరు మూసుకుని పాడటం కష్టమంది ఇబా, ప్రిసిల్లా తర్జుమా చేసి చెప్పింది. గొంతు పీలగా వస్తుందట, వణుకుతుందట. వణకనీ అన్నాను.

గుంటూరుకి పల్లె నుంచి వ్యానులో పదిమందిమి వెళ్ళాం. దారిలో మిరప చేలు. మందు కొట్టే మనిషి ఎక్కడా కనపడలేదు, కందిరీగలాంటి యంత్రం ఒకటి చేను మీద తిరుగుతూ తుంపర చల్లుతోంది. గట్టు మీద కుర్రాళ్ళు చేతిలో పెట్టె పట్టుకుని ఆడిస్తున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వాసన మాత్రం వ్యాను అద్దాలు మూసినా లోపలికొచ్చింది, అదే వాసన కాదు, దాని చుట్టం. ఇప్పుడు డబ్బాలకి ఎర్ర గుర్తులున్నాయి, మంచినీళ్ళు సీలు వేసిన క్యాన్లలో వస్తున్నాయి, ఎండలు లెక్కపెట్టే పని ఏ ఆడపిల్లకీ లేదు. మంచిదే. కానీ ఆ మందు తాగి పోయే పెద్దవాళ్ళ కబుర్లు ప్రతి పంట కాలంలో వింటూనే ఉన్నాను. వాళ్ళకి వాంతులని అబద్ధం చెప్పే తండ్రులూ ఉన్నారు. ఏది మారిందో ఏది మారలేదో నా లెక్కకి అందదు. నా లెక్కలు మీకు తెలిసినవేగా.

హాల్లో సగం కుర్చీలు నిండాయి. నా పక్కన ఎవరో గుంటూరు ఆవిడ, పట్టుచీర, నా వయసే. మాటలు అచ్చేసిన కాయితం చేతికిచ్చారు. అందులో ఆ రెండు పంక్తుల చోటు ఖాళీగా వదిలేశారు. పన్నెండు మంది వాయిద్యాలు సవరించుకున్నారు, ఇబా నల్ల చీరలో వచ్చి నిలబడింది. నాలుగు పాటలు పోయాయి. వెనక ఎవరో లేచి వెళ్ళిపోయిన చప్పుడైంది, నేను వాళ్ళని తప్పుపట్టను. ఐదో పాటకి వయొలిన్లు ఆగిపోయాయి. చేటలో మిరపకాయలు ఒక్కటే, గలగల, గలగల. ఇబా నోరు తెరిచింది. రెండు ఎండలు కాచినాయి అంది. మూడో ఎండ మబ్బు మింగింది అంది. రాగం మెట్టు మెట్టుగా ఎక్కి ఆగింది. ఆ మెట్టు నాకు తెలుసు. నీళ్ళిచ్చింది దీనమ్మ. ళ్ళ కూడా తప్పు పోలేదు. హాలంతా వినపడింది. ఆ తర్వాత ఆ పిల్ల పెదాలు మూసుకుని, ఇంకో మెట్టు పైకెక్కింది, సన్నగా, వణుకుతూ. నేను ముందు వరసలోనే ఉన్నాను. ఆ పిల్ల నాకేసే చూస్తోంది.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పక్కావిడ కళ్ళు తుడుచుకుని, కాయితంలో వెతుక్కుంటూ నాకేసి వంగింది.

"ఎవరండీ ఈ దీనమ్మ?"

"నేనేనండి" అన్నాను.